స్థిరీకృత ఎంజైములు: బొగ్గుపొడి నుంచి కర్మాగారం దాకా

దోసెపిండి పులియడం, కల్లు పొంగడం, మొలకెత్తిన గింజ తియ్యబడడం మనం నిత్యం చూసే మార్పులే. వీటిని నడిపేవి ఎంజైములనే పదార్థాలు. ప్రతి జీవకణమూ తనకు కావలసిన ఎంజైములను తానే తయారుచేసుకుంటుంది. ఇవి ఉత్ప్రేరకాలు. అంటే, ఒక రసాయనిక చర్యను ఎన్నో లక్షల రెట్లు వేగంగా నడిపి, చర్య ముగిసేసరికి తాము మాత్రం మార్పు చెందక మిగిలివుంటవి. మిగిలిన ఎంజైము మళ్ళీ అదే పని చేయగలదు.

ఇంత మంచి పనిముట్టు చేతిలో ఉన్నా, చాలాకాలం దానిని మనుష్యులు ఒక్కసారి వాడి పారవేయవలసి వచ్చేది. కారణం చాలా సామాన్యమైనది. ఎంజైము నీటిలో కరుగుతుంది. అది పనిచేయవలసిన పదార్థమూ నీటిలోనే ఉంటుంది. పని ముగిసిన తరువాత ఎంజైమును ఆ ద్రావణంలో నుంచి బయటికి తీయడం, పులుసులో వేసిన ఉప్పును తిరిగి తీయడంవంటిది. కమ్మరి ఒక కొడవలి చేసి, ఆ కొడవలితోపాటు తన సుత్తిని కూడా పోగొట్టుకుంటే అతని వృత్తి ఎలా సాగుతుంది? ఎంజైములను పరిశ్రమలో వాడబోయినవారి కష్టం సరిగా ఇటువంటిదే.

ఎంజైమును ఒకచోట కట్టివేసి, దాని మీదుగా ద్రావణాన్ని పారించగలిగితే ఈ కష్టం తీరుతుంది. అలా కట్టివేసిన వాటికి స్థిరీకృత ఎంజైములని పేరు. ఇది సాధ్యమని 1916లోనే ఒక ప్రయోగం చూపింది. కాని దానిని ఆధారం చేసుకొని మొదటి కర్మాగారం నడిచింది 1969లో. మధ్య గడచిన 53 సంవత్సరాల కథ, ఒక సత్యం తెలియడానికీ అది ఉపయోగపడడానికీ మధ్య ఏమేమి సమకూడవలసి ఉంటుందో తెలుపుతుంది.

ఎంజైములను గుర్తించిన రోజులు

1833లో పాయన్, పెర్సో అనే ఇద్దరు ఫ్రెంచి రసాయనికులు మొలకెత్తిన బార్లీగింజలను నీటిలో నానబెట్టి, ఆ నీటిని వడకట్టి, దానిలో ఆల్కహాలు కలిపారు. తెల్లని అవక్షేపం అడుగుకు దిగింది. అది పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగలదని వారు చూపారు. దానికి డయాస్టేజు అని పేరు పెట్టారు. జీవపదార్థం నుంచి ఒక ఎంజైమును వేరుచేయడం అదే మొదటిసారి. ‘ఎంజైము’ అన్న మాట మాత్రం 1870 దశకంలో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు క్యూనె కల్పించినది. గ్రీకు భాషలో దానికి ‘ఈస్టులో ఉన్నది’ అని అర్థం.

అయితే ఈస్టు చక్కెరను పులియబెట్టి ఆల్కహాలుగా మార్చే పని మాత్రం సజీవకణానికే చెల్లుతుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును ఇసుకతో కలిపి నూరి, పిండి, కణాలు లేని రసాన్ని తీశాడు. అది చెడిపోకుండా ఉండడానికని చక్కెర కలిపితే, ఆ రసం పులిసి బుడగలు పైకి వచ్చినవి. కణం చచ్చినా దానిలోని ఎంజైములు పనిచేస్తవని తేలింది. బుక్నర్‌కు 1907లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ సిద్ధాంతచర్చలకు దూరంగా, జర్మనీలోని సిర్కా తయారీదారులు 1823 నాటికే ఒక చక్కని ఉపాయం కనిపెట్టి ఉండిరి. షూట్సెన్‌బాఖ్ అనే అతని పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. ఒక పెద్ద పీపాలో బీచ్ చెట్టు చెక్కను చిత్రిక పట్టగా వచ్చిన పొట్టు నింపి, పైనుంచి ఆల్కహాలు ద్రావణాన్ని సన్నగా జార్చేవారు. ఆ పొట్టును అంటిపెట్టుకొని పెరిగిన సూక్ష్మజీవులు ఆల్కహాలును సిర్కాగా మార్చేవి. కింద సిర్కా కారిపోయేది, సూక్ష్మజీవులు చెక్కను పట్టుకొని అక్కడే ఉండేవి. ‘పనివాడు కదలక నిలిచివుంటే పని వస్తువే అతని వద్దకు నడిచివస్తుంది’ అన్న సూత్రం దీనిలో పూర్తిగా ఉన్నది. కాని ఎంజైములకు కూడా ఈ సూత్రం వర్తిస్తుందని ఎవరికీ తోచలేదు.

బొగ్గుపొడితో ఒక ప్రయోగం

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో నెల్సన్, గ్రిఫిన్ అనే రసాయనికులు ఈస్టు నుంచి తీసిన ఇన్వర్టేజు అనే ఎంజైమును పరీక్షిస్తూ ఉండేవారు. ఇది చెరకు చక్కెర అణువును రెండుగా చీల్చి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చిన్న చక్కెరలుగా మారుస్తుంది. బొగ్గుపొడికి అనేక పదార్థాలను తన ఉపరితలంమీద పట్టివుంచుకునే గుణం కలదు. దీనిని అధిశోషణం అంటారు. వారు ఇన్వర్టేజు ద్రావణంలో బొగ్గుపొడి కలిపి, వడకట్టారు. ఎంజైము బొగ్గును అంటుకొని ఉండిపోయింది. ఆ బొగ్గును చక్కెర ద్రావణంలో వేసి చూస్తే చక్కెర చీలింది. ఎంజైము ఘనపదార్థానికి అంటుకొని ఉండి కూడా తన పని మానలేదన్న మాట! ఈ ఫలితాన్ని వారు 1916లో ప్రకటించారు.

నెల్సన్, గ్రిఫిన్‌ల ఉద్దేశం కర్మాగారం కాదు. ఎంజైము ఎలా పనిచేస్తుందన్న సిద్ధాంతం వారికి ముఖ్యం. కనుక ఈ ప్రయోగం పత్రికలో అచ్చయి, గ్రంథాలయాల్లో ఉండిపోయింది.

నలభై ఏళ్ళ నిశ్శబ్దం

ఇంత సులభమైన సత్యాన్ని ఎవరూ ఎందుకు అందుకోలేదని ఈనాటి విద్యార్థికి అనుమానం రావచ్చు. అందుకు మూడు కారణాలు కలవు.

మొదటిది, ఎంజైము అంటే ఏమిటో అప్పటికి తెలియదు. అది మాంసకృత్తు కాదనీ, మాంసకృత్తు దానికి ఒక వాహకం మాత్రమేననీ 1920 దశకంలో విల్‌స్టాటర్ వంటి నోబెల్ బహుమతి గ్రహీత సైతం వాదించాడు. 1926లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సమ్నర్, తమ్మకాయ జాతికి చెందిన ఒక చిక్కుడుగింజ పిండి నుంచి యూరియేజు అనే ఎంజైమును స్ఫటికాలుగా తీసి, అది మాంసకృత్తేనని చూపాడు. చిన్ననాడు వేటలో ప్రమాదం జరిగి ఎడమచేయి పోగొట్టుకున్న సమ్నర్, ఒంటి చేత్తో తొమ్మిదేళ్ళు శ్రమించి సాధించిన ఫలితమది. దానిని లోకం ఒప్పుకోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది. 1946లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఎంజైము అమినో ఆమ్లాల గొలుసని తెలిసిన తరువాతనే, ఆ గొలుసులో ఏ భాగాన్ని పట్టుకొని కట్టవచ్చునో, ఏ భాగాన్ని తాకరాదో ఆలోచించడానికి వీలయింది.

రెండవది, బొగ్గు పట్టు గట్టిది కాదు. ద్రావణంలో లవణాలు, ఆమ్లత, వేడి మారితే అంటుకున్న ఎంజైము ఊడిపోయి నీటితో కొట్టుకుపోతుంది. ఇంతకన్న మంచి ఆధారపదార్థాలు లేవు. కృత్రిమ రెసిన్లు, శుద్ధిచేసిన సెల్యులోజు గుళికలు, జెల్లులు రసాయనిక పరిశ్రమ పెరిగిన తరువాత వచ్చినవే.

మూడవది, అవసరం లేదు. పిండిని చక్కెరగా మార్చడానికి చవకైన ఆమ్లం చాలునని పరిశ్రమవారు తృప్తిపడి ఉండిరి.

1950 తరువాత ఈ మూడు కారణాలూ ఒక్కొక్కటిగా తొలగినవి. 1953లో జర్మనీలో గ్రుబ్‌హోఫర్, ష్లైత్ అనేవారు పాలిస్టైరీన్ రెసిన్‌కు రసాయనిక బంధంతో పెప్సిన్ మొదలైన ఎంజైములను కట్టారు. ఇజ్రాయెల్‌లోని రెహోవోట్ పట్టణంలో వైజ్మన్ విజ్ఞానసంస్థలో ఎఫ్రయిం కచాల్‌స్కి ఈ పనిని బాగా ముందుకు తీసుకుపోయాడు. ఆయన అమినో ఆమ్లాలతో కృత్రిమంగా పొడుగాటి గొలుసులు తయారుచేసి మాంసకృత్తుల స్వభావాన్ని పరిశీలిస్తూ ఉండేవాడు. అటువంటి గొలుసులకు ఎంజైములను కలిపితే నీటిలో కరగని ఎంజైములు వచ్చినవి. 1960లో ఆయన, బార్-ఎలీ కలిసి ట్రిప్సిన్ అనే జీర్ణకారి ఎంజైమును ఈ విధంగా కట్టి, ఒక గాజుగొట్టంలో నింపారు. పైనుంచి మాంసకృత్తు ద్రావణం పోస్తే కిందికి వచ్చేసరికి అది ముక్కలై వచ్చేది. ట్రిప్సిన్ మాత్రం గొట్టంలోనే ఉండేది.

ఈ కచాల్‌స్కి తరువాత తన పేరును కత్సీర్ అని మార్చుకొని, 1973 నుంచి 1978 వరకు ఇజ్రాయెల్ దేశాధ్యక్షుడుగా ఉన్నాడు. పదవి ముగిసిన తరువాత తిరిగి పరిశోధనకు వచ్చాడు. 1985లో మొదటిసారిగా ఇచ్చిన జపాన్ బహుమతిని పొందినవారిలో ఆయన ఒకడు. స్థిరీకృత ఎంజైముల పరిశోధనకే ఆ గౌరవం.

కట్టివేసే మార్గాలు

1971లో అమెరికాలోని హెన్నికర్ అనే ఊళ్ళో ఎంజైము ఇంజనీరింగుపై మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. అంతవరకు ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో పిలుస్తున్న ఈ పదార్థాలకు అక్కడ ‘స్థిరీకృత ఎంజైములు’ అన్న పేరు ఖాయమయింది. వాటిని చేసే మార్గాలను ఇలా చెప్పుకొనవచ్చును.

అధిశోషణం మొదటి మార్గం. నెల్సన్, గ్రిఫిన్‌ల బొగ్గు దీనికి ఉదాహరణ. చాలా సులభం, కాని పట్టు తక్కువ.

అయాను బంధం రెండవది. ఎంజైము అణువుమీద ఒక విద్యుదావేశం, ఆధారపదార్థంమీద దానికి వ్యతిరేకమైన ఆవేశం ఉంటే రెండూ ఆకర్షించుకొని కలిసివుంటవి. దీని పట్టు అధిశోషణం కన్న గట్టిది. అవసరమైనప్పుడు విడదీయడమూ సాధ్యమే.

మూడవది సంయోజక బంధం. ఇది పశువును పలుపుతాడుతో గుంజకు కట్టివేయడం వంటిది. పశువు తాడు మేరకు తిరిగి మేత మేస్తుంది గాని ఎటూ పోలేదు. అయితే తాడును మెడకు కట్టాలి గాని మూతికి కట్టకూడదు. ఎంజైములో అసలు పనిచేసే స్థానానికి ముడిపడితే, ఎంజైము నిలుస్తుంది గాని పనిచేయదు.

నాలుగవది, ఏ ఆధారమూ లేకుండా ఎంజైము అణువులనే ఒకదానితో ఒకటి గుచ్చి కరగని ముద్ద చేయడం. ఇందుకు గ్లుటరాల్డిహైడ్ అనే పదార్థాన్ని దారంగా వాడతారు.

ఐదవది బంధించడం. గంపకింద కోడిని మూసినట్లు, సన్నని రంధ్రాలు గల జెల్లులోనో పొరలోనో ఎంజైమును చిక్కించడం. ఎంజైము అణువు పెద్దది, బయటికి రాలేదు. చక్కెరవంటి చిన్న అణువులు గంప సందుల్లోనుంచి లోపలికి పోయి, మార్పుచెంది, బయటికి వస్తవి. పెద్ద అణువులు లోపలికి పోలేవు గనుక, పిండిపదార్థం, మాంసకృత్తులవంటి వాటికి ఈ మార్గం అంతగా పనికిరాదు.

ఒసాకా కర్మాగారం

స్థిరీకృత ఎంజైమును మొదటిసారిగా పరిశ్రమలో వాడినది జపానులోని ఒసాకా నగరంలో ఉన్న తనాబె సెయ్యాకు అనే ఔషధసంస్థ. ఆ పనికి నాయకుడు ఇచిరో చిబాటా. టోసా మొదలైనవారు ఆయనకు సహచరులు.

వారి సమస్య ఇది. అమినో ఆమ్లాలను రసాయనికంగా తయారుచేస్తే ఎల్, డి అనే రెండు రూపాలు సమానంగా కలిసి వస్తవి. ఈ రెండు రూపాలు కుడిచేయి, ఎడమచేయివలె ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. మన శరీరంలోని మాంసకృత్తులు ఎల్ రూపంతోనే నిర్మితమైనవి. మందులకూ, రోగులకు రక్తనాళంద్వారా ఎక్కించే పోషకద్రవాలకూ ఎల్ రూపమే కావాలి. రెండింటికీ కరిగే గుణం మొదలైనవి ఒకటే కాబట్టి, వాటిని మామూలు పద్ధతులతో విడదీయడం కష్టం. కాని ఎంజైము ఈ రెంటినీ గుర్తుపడుతుంది. కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు కదా.

అమినో ఆమ్లాలకు ముందుగా అసిటైల్ అనే ఒక చిన్న తోకను తగిలిస్తారు. తరువాత అమినోఅసైలేజు అనే ఎంజైము ఎల్ రూపానికి ఉన్న తోకను మాత్రమే కోస్తుంది. తోక పోయిన ఎల్ రూపానికీ, తోక ఉన్న డి రూపానికీ కరిగే గుణంలో తేడా వస్తుంది గనుక వాటిని విడదీయడం సులభం. మిగిలిన డి రూపాన్ని వేడిచేస్తే అది మళ్ళీ రెండు రూపాల మిశ్రమం అవుతుంది. దానిని మళ్ళీ మొదటికి పంపుతారు. ఏదీ వృథా కాదు.

తనాబె సంస్థ 1954 నుంచి ఈ పద్ధతిని కరిగే ఎంజైముతో నడిపింది. జపానువారు బియ్యాన్ని పులియబెట్టడానికి వాడే ఆస్పర్జిల్లస్ ఒరైజె అనే బూజు నుంచి ఆ ఎంజైమును తీసేవారు. ప్రతి విడతలోనూ పని ముగిశాక, ఆమ్లం కలిపి వేడిచేసి ఎంజైమును విరగగొట్టి వడకట్టవలసి వచ్చేది. అంతటితో ఎంజైము పోయేది. దానితోపాటు అమినో ఆమ్లమూ కొంత పోయేది.

చిబాటా బృందం అనేక పద్ధతులు పరీక్షించి, చివరకు స్వీడన్‌లో రూపొందిన సెఫడెక్స్ అనే గుళికలను ఎన్నుకొన్నది. ఇవి డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుతో చేసినవి. వాటికి ధనావేశం గల రసాయనిక భాగాలను చేర్చితే ఎంజైము అయాను బంధంతో అంటుకునేది. 1969లో ఈ గుళికలతో నింపిన స్తంభాలు పనిచేయసాగినవి. 50 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో నిరంతరం పనిచేస్తూ కూడా ఎంజైము శక్తి సగానికి తగ్గడానికి సుమారు 65 రోజులు పట్టేది. శక్తి తగ్గినప్పుడు స్తంభాన్ని విప్పనక్కరలేదు. కొత్త ఎంజైము ద్రావణాన్ని దానిలో పోస్తే ఆ గుళికలే మళ్ళీ దానిని పట్టుకునేవి. గట్టి రసాయనిక బంధాన్ని కాక, విడిపోగల అయాను బంధాన్ని ఎన్నుకోవడంలోని విజ్ఞత ఇక్కడ కనబడుతుంది. పాత పద్ధతితో పోల్చితే ఉత్పత్తి ఖర్చు సుమారు నూటికి 60 వంతులకు దిగింది.

అదే బృందం 1973లో మరొక అడుగు వేసింది. ఎంజైమును కణం నుంచి బయటికి తీసి శుద్ధిచేయడమే ఖర్చుతో కూడిన పని. అందుచేత కణాన్నే జెల్లులో బంధిస్తే సరిపోతుందని వారు తలచారు. ఈ. కోలి అనే బాక్టీరియాను పాలిఅక్రిలమైడ్ జెల్లులో చిక్కించి, అస్పార్టిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఇందులో ఒక వింత జరిగింది. జెల్లును కొత్తగా చేసినప్పటికన్న, ఒకటి రెండు రోజులు ద్రావణంలో ఉంచిన తరువాత అది దాదాపు పదిరెట్లు ఎక్కువగా పనిచేసింది. చూడగా, లోపలి కణాలు పగిలిపోయి, పదార్థాలు వచ్చిపోవడానికి అడ్డులేకుండా అయింది. ఎంజైము మాత్రం జెల్లులోనే చిక్కుకొని ఉన్నది. 1978లో వారు ఈ జెల్లుకు బదులు సముద్రపునాచు నుంచి తీసే కారజీనన్ అనే జిగురుపదార్థాన్ని వాడసాగారు. పాత జెల్లులో ఎంజైము శక్తి 120 రోజులలో సగానికి తగ్గితే, గట్టిపరచిన కారజీనన్‌లో అందుకు రెండేళ్ళకు దగ్గరగా పట్టింది.

మొక్కజొన్న నుంచి తీపి

స్థిరీకృత ఎంజైములలో అన్నిటికన్న పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చినది గ్లూకోజు ఐసొమరేజు. మొక్కజొన్న పిండి నుంచి గ్లూకోజు తీయడం తేలిక. కాని గ్లూకోజుకు చెరకు చక్కెరంత తీపి లేదు. ఫ్రక్టోజు చెరకు చక్కెరకన్న తియ్యనిది. ఈ రెండు అణువులలోనూ ఉన్న పరమాణువులు ఒకటే, అమరికలోనే భేదం. ఆ అమరికను మార్చగల ఎంజైమును 1957లో అమెరికాలో మార్షల్, కూయి అనేవారు ఒక బాక్టీరియంలో చూశారు. నిజానికి ఆ ఎంజైము సహజంగా జైలోజు అనే మరొక చక్కెరమీద పనిచేసేది. గ్లూకోజును మార్చడానికి విషపదార్థమైన ఆర్సనేటును చేర్చవలసివచ్చింది. ఆహారానికి అది పనికిరాదు.

1960 దశకం మధ్యలో జపాను ప్రభుత్వ పరిశోధనాసంస్థలో యోషియుకి తకసాకి స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవిలో ఆర్సనేటు అవసరం లేని, వేడికి తట్టుకునే ఐసొమరేజును కనుగొన్నాడు. ఖరీదైన జైలోజు లేకుండానే, గోధుమ తవుడువంటి చవక పదార్థాలమీద ఆ జీవి పెరిగేది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో క్లింటన్ మొక్కజొన్న సంస్థ ఈ పద్ధతిని తీసుకొని 1967లో ఫ్రక్టోజు గల పాకాన్ని అమ్మనారంభించింది. స్థిరీకృత ఎంజైముతో అది నిరంతరం నడిచే పద్ధతిగా మారింది. చర్య ఇరువైపులా నడిచేది కాబట్టి, సుమారు 60 డిగ్రీల వద్ద గ్లూకోజు, ఫ్రక్టోజు దాదాపు సమపాళ్ళకు వచ్చి ఆగుతవి. పరిశ్రమవారు నూటికి 42 పాళ్ళు ఫ్రక్టోజు వద్దనే ఆపి, కావలసినప్పుడు దానిని వేరే పద్ధతితో 55 పాళ్ళదాకా చిక్కబరుస్తారు.

1974లో ప్రపంచమార్కెట్టులో పంచదార ధర విపరీతంగా పెరిగింది. ఆ ఒక్క సంఘటన ఈ పాకానికి గిరాకీ తెచ్చింది. 1984 నాటికి అమెరికాలోని పెద్ద శీతలపానీయ సంస్థలు పంచదారను వదిలి దీనికే మారినవి. దీని ఫలితం సముద్రాల కవతల కూడా కనబడింది. దిగుమతి పరిమితులకు ఈ కొత్త పాకం తోడై, అమెరికా విదేశాల నుంచి కొనే పంచదార బాగా తగ్గింది. ఫిలిప్పీన్స్‌లో చెరకే జీవనాధారమైన నీగ్రోస్ ద్వీపంలో 1985 ప్రాంతాల కూలీల కుటుంబాలు ఆకలికి గురి అయినవి. పంచదార ధర పడిపోవడం, అక్కడి పరిపాలనాదోషాలు కూడా అందుకు కారణాలే. కాని ఒక ఎంజైము గుళికలో కూర్చున్నందువల్ల ఎక్కడి చెరకుతోటలోనో కూలి పోవచ్చునన్నది గుర్తుంచుకొనదగిన విషయం.

పెన్సిలిన్‌కు కొత్త రూపాలు

వైద్యంలో దీని ప్రయోజనం మరొక విధమైనది. ఫ్లెమింగ్ 1928లో గుర్తించిన పెన్సిలిన్ బూజునుంచి వచ్చినది. దానికి లొంగని క్రిములు త్వరలోనే కనబడినవి. పెన్సిలిన్ అణువులో ఒక కేంద్రభాగం, దానికి తగిలించిన ఒక పక్కగొలుసు ఉంటవి. పక్కగొలుసును తీసివేసి మరొకటి తగిలిస్తే కొత్త పెన్సిలిన్ వస్తుంది. 1957లో ఇంగ్లండులోని బీచమ్ సంస్థ పరిశోధకులు 6-ఏపీఏ అనే ఆ కేంద్రభాగాన్ని విడిగా పట్టుకున్నారు. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ మొదలైనవి దానినుంచి తయారైనవే.

రసాయనిక పద్ధతిలో ఆ పక్కగొలుసును కోయాలంటే సున్నకు 40 డిగ్రీల దిగువ చలిలో, ప్రమాదకరమైన ఫాస్ఫరస్ క్లోరైడుతోనూ, సేంద్రియ ద్రావణులతోనూ పని. పెన్సిలిన్ అసైలేజు అనే ఎంజైము అదే పనిని మన శరీరపు వేడిలో, నీటిలో చేస్తుంది. 1969లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో లిల్లీ, డనిల్ మొదలైనవారు ఈ ఎంజైమును సెల్యులోజుకు కట్టి చూపారు. తరువాతి దశకంలో కర్మాగారాలు దీనిని చేపట్టినవి. ఇప్పుడు ఒకసారి కట్టిన ఎంజైమును వందల విడతలు వాడుతున్నారు.

తెలుగుదేశానికి ఈ విషయంతో దగ్గర సంబంధం ఉన్నది. హైదరాబాదు ఔషధ పరిశ్రమ పెరిగినప్పుడు దానిలోని ముఖ్య ఉత్పత్తులలో ఈ అర్ధకృత్రిమ పెన్సిలిన్లు కూడా ఉండినవి. కాని 1990 తరువాత చవక దిగుమతుల పోటీకి నిలువలేక మన దేశంలో మూలపదార్థమైన పెన్సిలిన్-జి ఉత్పత్తి ఆగిపోయింది. దేశం చైనామీద ఆధారపడవలసివచ్చింది. 2024లో కాకినాడ జిల్లాలో అరబిందో ఫార్మా అనుబంధసంస్థ పెన్సిలిన్-జి కర్మాగారాన్ని ప్రారంభించింది. పిల్లవానికి జ్వరంవస్తే ఇచ్చే అమాక్సిసిలిన్ మందు వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

రక్తంలో చక్కెర కొలత

1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్, గ్లూకోజు ఆక్సిడేజు అనే ఎంజైమును ఒక విద్యుదగ్రం వద్ద పలుచని పొరల మధ్య ఉంచి గ్లూకోజును కొలిచే ఉపాయం చెప్పాడు. 1967లో అప్‌డైక్, హిక్స్ ఆ ఎంజైమును జెల్లులో బంధించి ఆ పరికరాన్ని మెరుగుపరిచారు. ఎంజైము గ్లూకోజును మార్చేటప్పుడు పుట్టే రసాయనిక మార్పును విద్యుత్తు రూపంలో కొలవడమే దీని సూత్రం. ఈనాడు మధుమేహరోగులు ఇంటివద్ద ఒక్క రక్తపుచుక్కతో చక్కెరను చూసుకునే చీలికలు ఆ పరికరపు సంతతివే. వాటి చివర ఉన్నది ఎంజైమే.

దీని పరిమితులు

ఇంత చెప్పినా, ప్రతి ఎంజైమునూ కట్టివేయడం లాభసాటి కాదు. చవకగా దొరికే ఎంజైమును ఒకసారి వాడి వదలడమే మేలు. బట్టల సబ్బుపొడిలో వాడేవీ, పిండిని గ్లూకోజుగా మార్చేవీ ఇప్పటికీ చాలావరకు కరిగే ఎంజైములే. ఆధారపదార్థం ఖర్చు, కట్టేటప్పుడు నష్టపోయే శక్తి, లోపలికి పదార్థం చేరడంలో ఆలస్యం, ఇవన్నీ లెక్కలోకి వస్తవి. ఎంజైము ఖరీదైనదై, చాలాకాలం నిలవగలదై, అది మార్చే అణువు చిన్నదై ఉన్నప్పుడే ఈ పద్ధతి రాణిస్తుంది. ఒసాకాలోనూ, అయోవాలోనూ, పెన్సిలిన్ విషయంలోనూ ఈ షరతులు కలిసివచ్చినవి.

పాఠశాలలో చేయదగిన ప్రయోగం

1916 నాటి ప్రయోగాన్ని పోలినదానిని ఉన్నతపాఠశాల ప్రయోగశాలలో చేసి చూపవచ్చును. రొట్టెలకు వాడే ఈస్టును కొద్ది నీటిలో కలిపి, దానిని నూటికి 2 పాళ్ళ సోడియం ఆల్జినేట్ ద్రావణంలో కలపాలి. ఈ మిశ్రమాన్ని పిచికారీతో నూటికి 2 పాళ్ళ కాల్షియం క్లోరైడు ద్రావణంలో చుక్కచుక్కగా వేస్తే, ప్రతి చుక్కా సగ్గుబియ్యపు గింజవలె గుండ్రంగా గట్టిపడుతుంది. ఈస్టు దానిలో చిక్కుకుంటుంది. గింజలను పావుగంట అలాగే ఉంచి, వడకట్టి, మంచినీటితో బాగా కడిగి, ఒక గొట్టంలో నింపి, పైనుంచి పలుచని పంచదార నీటిని నెమ్మదిగా పోయాలి.

పంచదార నీటిలో బెనిడిక్ట్ ద్రావణం కలిపి వేడిచేస్తే రంగు మారదు. గొట్టం నుంచి కిందికి వచ్చిన నీటిలో అదే పరీక్ష చేస్తే ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగులలో ఏదో ఒకటి కనబడుతుంది. ఈస్టులోని ఇన్వర్టేజు పంచదారను చీల్చిందనడానికి అదే సాక్ష్యం. కొన్ని గింజలను ముందుగా మరగబెట్టి, వాటితో కూడా ఇదే పరీక్ష చేసి పోల్చి చూడాలి. మంచి గింజలను కడిగి మరునాడు మళ్ళీ వాడి, రంగు ఎంత వస్తున్నదో విద్యార్థులు రాసుకోవాలి. కొద్దిరోజుల ఆ లెక్కలను గీతగా గీస్తే, ఎంజైము శక్తి సగం కావడానికి ఎన్నాళ్ళు పట్టినదో వారికే తెలుస్తుంది. ఒసాకాలో చిబాటా బృందం తన స్తంభాల విషయంలో వేసుకున్న లెక్క కూడా ఇదే.